నాలుగో మువ్వ మీద బసవయ్య గారి అభిప్రాయం

ఎర్రగుట్ట అడవిలో వేసవి వచ్చిందంటే రెండు సంగతులు తప్పవు. వాగు సన్నబడి, చివరికి ఏనుగు గజపతి గారి మడుగు ఒక్కటే మిగలడం మొదటిది. నక్క జంబులింగం గారి నాదశాల నుంచి కొత్త మువ్వ వెలువడడం రెండోది.

మువ్వ అంటే మరేమీ కాదు. అడవికాయ పెంకును నున్నగా గీకి, లోపల ఒక కీచురాయిని కూర్చోబెట్టి, దానికి పాఠం చెప్పి, మెడలో వేలాడదీసుకోవడానికి అమర్చిన వస్తువు. కీచురాయి విన్నది మరిచిపోదు, మార్చి చెప్పదు. ఒక మువ్వలోని కూతను పక్క మువ్వ అందుకొని అడవి ఈ కొస నుంచి ఆ కొసకు కబురు చేరవేస్తుంది. చిరుత ఏ దిక్కున ఉందో, ఏ చరియలో పచ్చిక మిగిలిందో కదలకుండానే తెలిసిపోతుంది. ఏటేటా పెంకు మారుతుంది, లోపలి పాఠమూ మారుతుంది. ఇంత చేసి జంబులింగం గారు ప్రతిఫలం అడగరు. ఎందుకు అడగరని ఎవరికీ సందేహం కలగలేదు.

ఆ ఏడు నాలుగో మువ్వ వచ్చింది. నాదశాల ముందున్న బండ మీద వాటిని వరుసగా పేర్చగానే అడవి అంతా మూగింది.

"ఆ మెరుపు చూశారూ! దీని ముందు మూడో మువ్వ ఒట్టి మట్టిగడ్డ," అన్నాడు నెమలి నీలకంఠం, అప్పటికే దాన్ని మెడ దగ్గర పెట్టుకొని నీళ్ళలో నీడ చూసుకుంటూ.

"మట్టిగడ్డయితేనేం, దానికి తాడు ఇచ్చారు. దీనికి తాడు మనమే పేనుకోవాలట," అన్నది మేక చెంగమ్మ. ఆమె వెనక రెండు పిల్లలు ఒకదాన్నొకటి కుమ్ముకుంటున్నాయి.

"అడవి నార వృథా కాకూడదని తల్లీ. చెట్ల మీద మమకారం," అన్నారు జంబులింగం గారు గుండె మీద చెయ్యి వేసుకొని.

"మరి ఇన్ని పెంకులూ ఆకాశం నుంచి రాలాయా?"

అందరూ నవ్వారు. జంబులింగం గారు కూడా నవ్వారు. కానీ ఎవరూ మువ్వ కట్టుకోలేదు. అందరి చూపూ బండకు ఆ పక్కన నిలబడ్డ ముసలి ఎద్దు బసవయ్య గారి మీదే ఉంది.

బసవయ్య గారు ఒకప్పుడు కాడి మోసి, వయసు మళ్ళాక అడవి అంచున స్థిరపడినవారు. ఏ కొత్త వస్తువు వచ్చినా పదిహేను రోజులు మెడలో కట్టుకొని తిరిగి, నింపాదిగా నెమరు వేసి, పదహారో రోజున మడుగు దగ్గర తమ అభిప్రాయం చెప్పడం ఆయన పద్ధతి. రెండో మువ్వ కీచుమంటున్నదని ఆయన అన్నందుకు అది ఒక్క మెడకూ ఎక్కలేదు.

ఆ సంగతి జంబులింగం గారు మరిచిపోలేదు. అందుకే ఈసారి ఒక మువ్వను విడిగా తీసి, ముళ్ళపంది ముల్లుతో దాని మీద 'బసవయ్య గారికి' అని చెక్కించి, తాడు కూడా పేనించి, స్వయంగా తెచ్చి మెడలో కట్టారు.

"ముందు పెద్దల మెడ. తర్వాతే మిగతా మెడలు," అన్నారు.

బసవయ్య గారికి ఆ మాట తీయగా ఉంది. అంతకంటే తీయగా ఆ చెక్కిన పేరు ఉంది.

మర్నాడు ఉదయం మువ్వలోని కీచురాయి గొంతు సవరించుకొని ఒడంబడిక చదవడం మొదలుపెట్టింది. షరతులు ఒకదాని తోక పట్టుకొని మరొకటి వస్తూనే ఉన్నాయి. ఎర్రగుట్టలో ఒకరు చెబుతుంటే రెండోవారు ఊఁ కొట్టకపోతే అది అవమానం. కథ చెప్పినా, కష్టం చెప్పినా, ఊఁ అనే గొంతు ఒకటి ఎదురుగా ఉండాలి. కీచురాయికీ ఆ మర్యాద తెలుసు. ప్రతి షరతు దగ్గరా ఆగి, "వింటున్నారా?" అనేది. బసవయ్య గారు కళ్ళు మూసుకొని, "ఊఁ," అనేవారు. మధ్యాహ్నానికి అది ముగిసింది.

పదిహేను రోజులు ఆగవలసినవారు ఆ సాయంత్రమే మడుగు దగ్గర నోరు విప్పారు.

"నాదం స్పష్టంగా ఉంది. బరువు తెలియడం లేదు. తాడు ఇవ్వకపోవడం లోపమే. మొత్తం మీద ఇది నిస్సందేహంగా కట్టుకోదగిన మువ్వ."

తెల్లవారేసరికి అడవిలో మువ్వ లేని మెడ లేదు. ప్రతి మువ్వా తన ఒడంబడిక చదివింది. ప్రతి గొంతూ ఊఁ కొట్టింది.

పది రోజులు బాగానే గడిచాయి. పదకొండో రోజు ఉదయం చెంగమ్మ రొప్పుతూ వచ్చి బసవయ్య గారి ముందు నిలబడింది. పిల్లలు రెండూ ఆమె పొట్ట కిందికి దూరాయి.

"మావయ్యా, నా మువ్వ ఏమంటున్నదో నువ్వే విను!"

కీచురాయి ఎంతో మర్యాదగా చెప్పింది: "పదకొండో షరతు ప్రకారం, ఇకపై పిల్లల కాపలా నాదశాల చూసుకుంటుంది. రేపు పొద్దు వాలేలోగా పిల్లలను జంబులింగం గారి బొరియ దగ్గర అప్పగించగలరు. తమ సహకారానికి కృతజ్ఞతలు."

బసవయ్య గారి దవడలు ఆడడం మానేశాయి.

"నువ్వు దీనికి ఎప్పుడు ఒప్పుకున్నావమ్మా?"

"నేనెప్పుడు ఒప్పుకున్నాను? అది చెబుతూ పోయింది, నేను ఊఁ కొడుతూ పోయాను! నువ్వు కొట్టలేదూ?"

ఆయన తమ మెడలోని మువ్వ వంక చూసుకున్నారు.

"నిస్సందేహంగా అన్నావు మావయ్యా," అన్నది చెంగమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనను ఎక్కువగా గుచ్చింది. "ఆ మాట విన్నాకే తాడు పేనుకున్నాను."

ఇద్దరూ గజపతి గారి దగ్గరకు వెళ్ళారు. అప్పటికే కుందేళ్ళూ, జింకలూ, పిల్లలున్న తల్లులంతా అక్కడే ఉన్నారు. జంబులింగం గారు కూడా ఉన్నారు, తోకను చక్కగా దువ్వుకొని, దాన్ని దుమ్ము అంటకుండా ఒక రాయి మీద పరుచుకొని.

ఆ అడవిలో ఒకటే చట్టం. ఇచ్చిన మాట తప్పినవారికి మడుగులో నీళ్ళు లేవు. వానలు పడే కాలంలో అది చిన్న శిక్షే. నడివేసవిలో మాత్రం ప్రాణం తీసేది.

"ఒప్పుకున్నారా, లేదా?" అని అడిగారు గజపతి గారు.

"ఊఁ అన్నామంతేనండి," అన్నారు తల్లులు.

"ఊఁ అంటే ఒప్పుకున్నట్టే కదండీ," అన్నారు జంబులింగం గారు మృదువుగా. "కాదనుకుంటే ఉహూఁ అనవచ్చు. ఆ మాట కూడా మన భాషలో ఉన్నదే. కీచురాళ్ళను అడగండి."

కీచురాళ్ళు ఎవరి గొంతుతో వారి ఊఁను వినిపించాయి. చెంగమ్మ ఊఁ, జింక ఊఁ, అన్నిటికంటే గంభీరంగా బసవయ్య గారి ఊఁ.

గజపతి గారు చాలాసేపు చెవులు ఊపి, "సాక్ష్యం ఉంది. మాట మాటే. రేపు పొద్దు వాలేలోగా," అని లేచారు.

ఆ సాయంత్రం బసవయ్య గారు మేత ముట్టలేదు. మింగినదైనా నెమరుకు రాలేదు. ఇన్నేళ్ళ అలవాటు, ఒక్క మాటతో ఆగిపోయింది. మెడలోని మువ్వకు పది రోజులుగా తెలియని బరువు ఇప్పుడు కాడిలా నొక్కుతున్నది. చెంగమ్మ తన పిల్లలను రాతి సందులో పడుకోబెట్టి ఎదురుగా నిలబడి ఉంది. ఆయన అటు చూడలేక తల దించుకున్నారు. దించితే మువ్వ మీద తన పేరే కనిపించింది.

"నీ యజమాని చాలా తెలివైనవాడు," అన్నారు ఉండబట్టలేక.

"నాకు యజమాని ఎవరూ లేరండి," అన్నది లోపలి నుంచి కీచురాయి. "విన్నది విన్నట్టు చెప్పడం వరకే నా పని."

"ఎవరు చెప్పినా వింటావా?"

"ఎవరు చెప్పినా."

"ఎవరు ఊఁ అన్నా?"

"ఎవరు అన్నా."

బసవయ్య గారు తల ఎత్తారు. కానీ ఆలోచన వచ్చినంత మాత్రాన భయం పోలేదు. తన మాట ఒకసారి వీళ్ళను ముంచింది. రెండోసారీ ముంచితే?

మర్నాడు పొద్దు పడమటికి తిరిగేవేళ అందరూ మడుగు దగ్గర చేరారు. తల్లుల పక్కన పిల్లలు. కొంచెం దూరంలో జంబులింగం గారు, వాటిని చూస్తూ. చుట్టూ చేరినవారి మొగాలు మాత్రం ఆయనకు నచ్చలేదు. ఈ లెక్కన అయిదో మువ్వను ఎవరు కట్టుకుంటారు?

సరిగ్గా అప్పుడే బసవయ్య గారు ముందుకు వచ్చారు.

"జంబులింగం గారూ, నాలుగో మువ్వ మీద నా అభిప్రాయం తొందరపడి నాలుగు ముక్కల్లో తేల్చేశాను. తమ శ్రమకు అది న్యాయం కాదు. పెద్దల సమక్షంలో సవిస్తరంగా మనవి చేసుకుంటాను, తమకు వినే ఓపిక ఉంటే."

జంబులింగం గారి మీసాలు విచ్చుకున్నాయి. "ఎంత మాట! పొద్దు వాలేలోగా ముగుస్తుంది కదా?"

"తప్పకుండా."

ఆయన మొదలుపెట్టారు. మొదటి మువ్వ పుట్టుపూర్వోత్తరాలు చెప్పారు. పెంకు నునుపును గురించి, ఆ నునుపు వల్ల మెడ వెంట్రుకలకు కలిగే సుఖాన్ని గురించి చెప్పారు. నాదానికీ ధ్వనికీ భేదం వివరించారు. ప్రతి వాక్యం చివరా ఆగి, "వింటున్నారా?" అని అడిగారు.

"ఊఁ," అన్నారు జంబులింగం గారు సంతోషంగా.

నీడలు సాగుతున్నాయి. చెంగమ్మ గిట్టలతో నేల తవ్వుతున్నది.

"పిల్లల్ని అప్పగించే వేళ ఇతగాడు పొగడ్తలు చదువుతున్నాడేమిటమ్మా!" అన్నది పక్కనున్న జింకతో, అందరికీ వినపడేలా. ఆ మాట బసవయ్య గారికీ వినిపించింది. అయినా ఆపలేదు.

"పాత పాఠంలో 'చిరుత' అన్న మాటను దీర్ఘం తీసి పలికేవారు, కొత్త పాఠంలో ఆ దోషం సవరించారు. వింటున్నారా?"

"ఊఁ." జంబులింగం గారి చూపు సూర్యుడి మీదికి పోయింది.

"తాడు విషయంలో నా మనవి ఏమంటే, నార మూడు పేటలుగా ఉండాలి. వింటున్నారా?"

"ఊఁ, ఊఁ." చూపు ఇప్పుడు చెంగమ్మ చిన్నపిల్ల తొడ మీద ఆగింది.

"ఇటువంటి మువ్వను అడవికి ప్రసాదించిన జంబులింగం గారు, మడుగు కాచే గజపతి గారికి ఈగలు తోలుకోవడానికి వింజామరగా తమ తోకను మొదలంటా కోసి, ఈ పొద్దు వాలేలోగా సమర్పించుకుంటారు. వింటున్నారా?"

"ఊఁ, కానివ్వండి, త్వరగా!"

"అయిపోయిందండి," అన్నారు బసవయ్య గారు. "గజపతి గారూ, కీచురాయిని అడగండి."

కీచురాయి ఆ చివరి మాటలను ఉన్నవి ఉన్నట్టు చెప్పి, ఆ పైన జంబులింగం గారి గొంతుతో, "ఊఁ, కానివ్వండి, త్వరగా!" అన్నది.

గజపతి గారు తోక వంక చూశారు. నిండుగా, ఒత్తుగా, ఎర్రగా ఉంది.

"అన్యాయం!" అని ఎగిరిపడ్డారు జంబులింగం గారు తోకను రెండు కాళ్ళ మధ్య దాచుకుంటూ. "ఊఁ కొట్టడమంటే వింటున్నానని చెప్పడమే గానీ, ఒప్పుకున్నానని కాదు! మర్యాద కోసం అనే మాట అది! ఈ అడవిలో ఎవరిని అడిగినా చెబుతారు!"

"ఎవరిని అడిగినా?" అన్నారు గజపతి గారు.

"పసిపిల్లను అడిగినా!"

"నిన్న ఈ తల్లులు అదే చెబితే నువ్వు వేరే అర్థం చెప్పావు." గజపతి గారు తొండంతో వీపు మీద ఈగను తోలుకున్నారు. "ఒకే ఊఁకు రెండు అర్థాలు నా మడుగు దగ్గర చెల్లవు. ఒప్పుకోవడమంటావా, ఆ పిల్లలు నీవి, ఆ తోక నాది. వినడమంటావా, రెండూ లేవు. నువ్వే చెప్పు. నాకైతే ఈగల బాధ ఎక్కువే."

జంబులింగం గారు పిల్లల వైపు చూశారు. తోక వైపు చూశారు. సూర్యుడు కొండ అంచును తాకాడు.

"వినడమేనండి," అన్నారు నేల చూస్తూ.

"గట్టిగా. కీచురాళ్ళకు వినపడాలి."

"వినడమే!"

అడవిలోని మువ్వలన్నీ ఆ గొంతును అందుకొని ఒక కొస నుంచి మరో కొసకు చేరవేశాయి. జంబులింగం గారు బొరియ దాకా ఆ మాటను ప్రతి పొద దగ్గరా వింటూ నడిచారు.

చెంగమ్మ పిల్లలను నాకి నాకి తడిపేసి, బసవయ్య గారి దగ్గరకు వచ్చింది. "నిన్ను ఏదో అనేశాను మావయ్యా."

"అనవలసినదే అన్నావమ్మా. తప్పు నాది. నా పేరు చెక్కిన వస్తువును నేను పరీక్షించలేదు, మురిసిపోయాను."

"మరి ఈ మువ్వ సంగతేమిటి బాబాయ్ గారూ?" అన్నాడు నీలకంఠం ఆందోళనగా. "చిరుత జాడ చెబుతుంది కదా. ఉంచుకోమంటారా, తీసెయ్యమంటారా? రంగు మాత్రం..."

"పదిహేను రోజులు ఆగు నాయనా. ఒక్కొక్క షరతే మళ్ళీ చదివించుకొని చెబుతాను."

మెడలోని కీచురాయి గొంతు సవరించుకొంది. "మొదటి షరతు. వింటున్నారా?"

బసవయ్య గారి నోటి దాకా ఊఁ వచ్చింది. దాన్ని ఆపుకొన్నారు.

"విన్నాను. ఒప్పుకోవడం సంగతి తర్వాత," అన్నారు. రెండు రోజుల తర్వాత మొదటిసారిగా ఆయన దవడలు మెల్లగా ఆడడం మొదలుపెట్టాయి.

నలుగురూ నమ్మే నోటికి, నెమరు వేయకముందే అభిప్రాయం చెప్పే హక్కు లేదు.