గాలి ఎవరి బంటు?

కత్తి పట్టినవాడి మాటే చెల్లే కాలంలో, జపాను దేశంలో నరుమోరి అనే నౌకాదళాధిపతి ఉండేవాడు. ఆయన పెద్ద ఓడకు సరంగు మొసుకె, చేపలు పట్టేవాళ్ళ బిడ్డ.

ఒక ఏడాది సముద్రం మీద జరిగిన యుద్ధంలో గాలి పడిపోయింది. పెద్ద ఓడ నడిసముద్రంలో కదలకుండా నిలిచిపోయింది. కళ్ళెదుటే నరుమోరి చిన్న ఓడలు మూడు శత్రువుల నిప్పుకు తగలబడి మునిగాయి. అందులో ఒకదాంట్లో మొసుకె తమ్ముడున్నాడు.

మర్నాడు నరుమోరి కత్తి దూశాడు. "ఓడినందుకు రాజుగారికి ఎవడో ఒకడి తల చూపించాలి. చుక్కాని పట్టింది నువ్వేగా?"

మొసుకె మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తమ్ముడి కోసం ఏడ్చిన కళ్ళు ఇంకా ఆరలేదు.

"తీసుకోండి దొరా. నిరుడు గెలిచినప్పుడు, గాలి మీ ఆజ్ఞకే వీచిందని నిండు సభలో చెప్పారు. రాజుగారు మెచ్చి ఆ బంగారు విసనకర్ర ఇచ్చారు. గాలి మీ బంటే అయితే నిన్న దాన్ని ఆపిందీ మీరే. కాదంటే ఆ విసనకర్ర మీది కాదు. నా తల చూసి, ఈ రెంట్లో ఏది నిజమని రాజుగారు అడిగితే ఏం చెబుతారు?"

నరుమోరి చెయ్యి నడుముకున్న విసనకర్ర మీదికి పోయి ఆగింది. తర్వాత కత్తి ఒరలోకి పోయింది.

సాయంత్రానికి గాలి లేచింది. మొసుకె తెరచాప తాడు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

"గాలొచ్చింది దొరా. తమరే రమ్మన్నారా?"

నరుమోరి తల వంచుకున్నాడు. "లేదు. అదే వచ్చింది."

"అయితే తెరచాప ఎత్తుతాను."

ఓడలు మునిగిన చోటు దాటుతుంటే నరుమోరి విసనకర్ర తీసి నీళ్ళలోకి వదిలేశాడు. మొసుకె అటు చూడనైనా లేదు.