మొరగని కుక్కకు కావలి కొలువు

అన్యాయం జరిగింది రాగికి. జరిగింది ఆషాఢంలో, ముసురు పట్టిన వారంలో. చేసింది నక్క అని అందరూ అంటారు. గేదె గౌరమ్మ మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా తల వంచుకుని గడ్డి నములుతుంది.

చెరకుతోట పక్కన పశువుల పాకలో ఒక పద్ధతుంది. దెబ్బలు తిన్న కుక్క ఏదొచ్చినా గౌరమ్మ దగ్గరే ఉంటుంది. పుండు మాని, మనసు కుదుటపడ్డాక కావలసినవాళ్ళు వచ్చి అడిగి తీసుకెళ్తారు. రాగి కూడా అలాంటి కుక్కే, ఏదో మిల్లులో గొలుసు తెంపుకుని వచ్చింది. మెడ మీద పుండు త్వరగానే మానింది. కానీ మూల వదలదు, మొరగదు, పెట్టింది కూడా అందరూ అటు తిరిగాకే తింటుంది.

“కిక్కురుమనదు. నా పెంపకం అలాంటిది,” అనేది గౌరమ్మ.

“అదే నాకు భయంగా ఉంది వదినా,” అంది మేక. “తోక ఇంకా కాళ్ళ మధ్యనుంచి బయటికి రాలేదు. కొన్నాళ్ళు ఉండనీ.”

“నీ పిల్లలు నా కుడితి తొట్టెక్కి గంతులేస్తాయి. పెంపకం గురించి నువ్వు చెప్పకు.”

కంచె అవతల నక్క ఇదంతా విన్నది. మర్నాడు వచ్చి బురదలోనే వినయంగా కూర్చుంది.

“అత్తా, ఇంత మర్యాద తెలిసిన కుక్కను నేనెక్కడా చూడలేదు. కోళ్ళగూటికి కావలి లేక పెట్టలు అల్లాడుతున్నాయి. అరిచే కుక్కయితే పిల్లలు జడుసుకుంటాయి. దీన్ని పంపావంటే నీ పేరు చెప్పుకుని నిద్రపోతాయి.”

“కోళ్ళ నిద్ర నీకెందుకురా?” అంది మేక.

“ముసలివాణ్ణయ్యాను పిన్నీ. కాస్త పుణ్యం చూసుకోవద్దూ?”

‘నీ పేరు చెప్పుకుని’ అన్నచోటే గౌరమ్మ పడిపోయింది. “వెళ్తావుటే?” అని రాగిని అడిగింది. రాగి చెవులు వెనక్కి వాల్చి, మారు మాట లేకుండా లేచి నడిచింది.

“చూశావా, ఎదురు చెప్పదు,” అని మురిసింది గౌరమ్మ.

రెండో రోజు పొద్దున్నే బొట్లపెట్ట రెక్క ఈడ్చుకుంటూ పాకకు వచ్చింది.

“ఆ నక్క వెధవ నా చెల్లెళ్ళిద్దర్నీ ఎత్తుకెళ్ళాడు. నీ కుక్క గంప కింద దూరి వణుకుతూ చూసింది. ఒక్కసారి మొరిగితే రైతు లేచేవాడు. దొంగతో కుమ్మక్కయిందని పొడిచి తరిమేశాం. అది మొరగదని నీకు తెలుసా?”

“తెలుసు.”

“తెలిసే పంపావా?”

“మంచితనం అనుకున్నాను,” అంది గౌరమ్మ. ఆ మాట తన చెవికే సిగ్గుగా వినపడింది.

రాగి చెరకులో నక్కి ఉంది, ముక్కు నిండా పొడిచిన గాట్లు. గౌరమ్మ పిలిచింది. పిలవగానే వచ్చింది, పొట్ట నేలకానించి పాకుతూ, కళ్ళు మూసుకుని. తన్నులు తినడానికి వచ్చింది. ఆ రాక చూడలేక గౌరమ్మ మొహం తిప్పుకుంది.

గట్టు మీద పోతున్న నక్క ఆగింది. మూతికింకా ఈక అంటుకునే ఉంది.

“అత్తా, ఇలాంటి బుద్ధిమంతురాలు ఇంకోటి దొరికితే కబురంపు.”

గౌరమ్మ వెనకే వచ్చిన పెట్టల వైపు తిరిగి, తప్పు రాగిది కాదు, నాదేనంది.

భయంతో నోరు మూసుకున్నదాన్ని బుద్ధిమంతురాలని మెచ్చుకుంటే, బాగుపడేది నక్కే. ఈ మాట గౌరమ్మ అందరిముందూ ఒప్పుకున్నది ఆషాఢ బహుళ దశమి, మంగళవారం.