జ్యోత్స్నావతీదేవికి వరుణుడు మహాతరంగ జన్మమును తెలుపుట

పూర్వం కృతయుగపు చివరి పాదంలో, దక్షిణ సముద్రం నడుమ, ముత్యపుచిప్పలు మెరిసే తీరాలతో విలసిల్లే శంఖద్వీపాన్ని చారుధ్వజుడనే రాజు పాలిస్తూ ఉండేవాడు. సత్యసంధుడు, అతిథిపూజాపరాయణుడు అయిన ఆ రాజుకు తన ధర్మపత్ని జ్యోత్స్నావతీదేవి ప్రాణంతో సమానం.

ఒకనాడు ఆ దంపతులు పొరుగుద్వీపంలో పరమేశ్వరుణ్ణి అర్చించి ఓడలో తిరిగివస్తున్నారు. ఆకాశం నిర్మలంగా ఉంది. అంతలో, ఏ మేఘమూ లేకుండానే, తెరచాప కొయ్యను మించిన ఎత్తున నీటిపర్వతమొకటి లేచి ఓడమీద విరుచుకుపడి, రాణిని ఎత్తుకుపోయి సముద్రంలో పడవేసింది. ఆమె మునిగి, ఉక్కిరిబిక్కిరై, విరిగిన కొయ్యముక్కను పట్టుకొని పైకి తేలి చూసేసరికి ఆ పర్వతం లేదు. ఏమీ ఎరగనట్టు మామూలు సముద్రమే ఉంది. రాజు తానే దూకి ఆమెను ఓడకు చేర్చాడు.

ఇల్లు చేరాక జ్యోత్స్నావతికి మనశ్శాంతి కరవైంది. "పూజలో ఏ లోపం జరిగిందో, సముద్రుడు ఆగ్రహించాడు" అని అంతఃపురంలో గుసగుసలు పుట్టాయి. ఆమె కూడా తాను సమర్పించిన పూలు వాడినవేమో, పలికిన మంత్రంలో స్వరం తప్పిందేమో అని తన్ను తాను తరచి తరచి చూసుకొనేది. ఎంత వెదికినా తప్పు కనబడలేదు, భయం పోలేదు.

రాజు బాధ వేరొక దారి పట్టింది. ఆయన అడవికి వెళ్ళి, ఆహారం విడిచి, ఒంటికాలిపై నిలిచి ఘోరతపస్సు చేయగా చతుర్ముఖుడు ప్రత్యక్షమయ్యాడు.

"లోకపితామహా, సముద్రంలో ఇక అల అన్నది లేవకుండుగాక" అని కోరాడు రాజు.

"రాజా, భయంతో అడుగుతున్నావు. అయినా నీ తపస్సుకు ఫలమివ్వక తప్పదు. నీవే వద్దనుకొన్ననాడు ఈ వరం తొలగుతుంది, దానితో నీ తపఃఫలమంతా పోతుంది" అని పలికి పద్మభవుడు అంతర్ధానమయ్యాడు.

ఆ క్షణమే సముద్రం అద్దంలా నిలిచిపోయింది. మొదట జనులు సంతోషించారు. రానురాను నీరు పచ్చగా పాకుడుపట్టి, ఊపిరాడని చేపలు నోళ్ళు తెరిచి పైకి తేలి, మేఘాలు లేవక, వానలు కురవక, తీరమంతా దుర్గంధం వ్యాపించింది.

రాణి తీరానికి వెళ్ళగా శుక్తిక అనే జాలరి స్త్రీ ఎదురై నమస్కరించింది. "అమ్మా, వలేస్తే నాచు తప్ప ఏం రావట్లేదు. పిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంటున్నారు. దొరగారితో చెప్పుకునే ధైర్యం లేదు. నీతో అయితే చెప్పుకోగలనని వచ్చాను."

జ్యోత్స్నావతి అక్కడే ఇసుకలో కూర్చుండి, అన్నపానాలు మాని, పాశధారియైన వరుణదేవుణ్ణి ధ్యానించింది. కొంతకాలానికి ఆ మకరవాహనుడు రోగపీడితుని వలె వాడిన మోముతో మెల్లగా నీటినుండి వెలువడ్డాడు.

రాణి చేతులు జోడించి, "స్వామీ, ముందు ఒక్కమాట చెప్పు. ఆనాడు నేను ఏ అపరాధం చేశానని నన్ను శిక్షించావు?" అని అడిగింది.

వరుణుడు ఆశ్చర్యంతో ఆమెను చూశాడు. "తల్లీ, నేను నిన్ను శిక్షించలేదు. అలలు నా ఆజ్ఞతో పుట్టేవి కావు, అవి వాయుదేవుని సంతానం. ఎక్కడో దూరాన గాలి నా వీపుమీద వీచినప్పుడు పుట్టి, పుట్టినచోటు విడిచి ప్రయాణమవుతాయి. పెనుగాలికి పుట్టినవి పొడవైన అంగలు వేస్తూ వేగంగా నడుస్తాయి, చిరుగాలికి పుట్టినవి పొట్టి అడుగులతో నెమ్మదిగా సాగుతాయి. వెనుక బయలుదేరిన వేగవంతులు ముందున్నవాటిని అందుకొని, వేరు దిక్కులనుండి వచ్చినవాటితో ఒక్కచోట కలిసినప్పుడు, ఒకదాని ఎత్తు ఒకదానికి తోడై పర్వతమంత ఎత్తు లేస్తాయి. ఎదురుగా ప్రవాహముంటే ఒత్తిడికి మరింత నిటారుగా నిలుస్తాయి. మరుక్షణం విడిపోయి ఎవరిదారిన వారు పోతారు. నీవు అక్కడ ఉన్నావని వాటికి తెలియనే తెలియదమ్మా."

ఆ మాట వినగానే ఇంతకాలం గుండెలమీద మోస్తున్న బరువును ఎవరో దించినట్టయి, జ్యోత్స్నావతి ఇసుకలో సాగిలపడి వెక్కి వెక్కి ఏడ్చి, ఏడుపులోనే నవ్వింది. లేచి తిన్నగా, అడవినుండి తిరిగివచ్చి ఉన్న భర్త వద్దకు వెళ్ళింది.

"నాథా, ఆ అలకు నా మీద కోపం లేదు. నా కోసం మీరు సముద్రం ఊపిరి ఆపారు. నా మూలంగా పిల్లలు పస్తులుంటున్నారు. ఆ వరాన్ని వదిలివేయండి."

"దేవీ, నీవు మునిగిపోయిన ఆ క్షణం నన్ను వదలడం లేదు" అన్నాడు రాజు.

"నన్నూ వదల్లేదు. అయినా నేను మళ్ళీ ఓడ ఎక్కుతాను. మీరు పక్కన ఉంటే చాలు."

చారుధ్వజుడు ఆమె చేయి పట్టుకొని తీరానికి వచ్చి, దోసిట నీరు తీసుకొని, "పితామహా, నా వరాన్నీ, నా తపఃఫలాన్నీ విడుస్తున్నాను" అని ధారపోశాడు. దక్షిణపుగాలి మెల్లగా వీచింది. నీటిమీద ముడతలు కదిలాయి. ఒక చిన్న అల వచ్చి వారి పాదాలు తడిపింది.

వరుణుడు పూర్వతేజస్సుతో ప్రత్యక్షమై ఇలా పలికాడు: "పతివ్రతా, అలల కలయికను ఆపడం ఎవరి తరమూ కాదు. అయితే నీకొక వరమిస్తున్నాను. ఆ మహాతరంగం ఎంత ఎత్తు లేచినా క్షణకాలానికి మించి నిలవదు. దానికి వెరచి పక్కకు తిరగక, ఓడ ముఖాన్ని ఎదురు నిలిపిన ధీరుణ్ణి నా శాయశక్తులా గట్టెక్కిస్తాను."

ఆ ఏడాది మేఘాలు పుష్కలంగా కురిశాయి. శుక్తిక మొదటి చేపలబుట్టను రాణివాసానికి తానే మోసుకొచ్చింది. తపఃఫలం పోయిందన్న చింత రాజుకు ఏనాడూ కలగలేదు. సముద్రయానం చేసే గృహస్థులు బయలుదేరే ముందు ఈ వృత్తాంతాన్ని భార్యాపిల్లలకు చెప్పి వెళితే, వెళ్ళినవారికి ధైర్యమూ, ఇంట ఉన్నవారికి నెమ్మదీ కలుగుతాయని పెద్దల మాట.