గిట్టలదిన్నె నరసింహుని గుర్రం

పూర్వం పెన్నానదికి ఉత్తరాన, ఒక దిన్నె మీద వెలసిన వీరనరసింహస్వామికి, ఆ సీమనేలిన ఓబుళనాయకుడు తన ప్రాణప్రదమైన ధవళ అనే ఆడగుర్రాన్ని సమర్పించాడు. కొన ఊపిరితో ఉన్న తన ఒక్కగానొక్క కుమార్తె స్వామి దయతో కోలుకున్నందుకు చెల్లించిన మొక్కు అది. ఉత్సవంలో స్వామి పల్లకికి ముందు నడవడమే ధవళ చేయవలసిన సేవ.

అంతటితో ఆ మూగజీవికి కష్టకాలం దాపురించింది. గుర్రపు గిట్టలు మన గోళ్లలాగే పెరుగుతాయి; తరచుగా చెక్కి, అడుగున ఇరుక్కున్న మట్టీ రాళ్లూ గీకి తీయకపోతే అది నిలబడలేదు. నాయకుని లాయంలో ఆ పని తప్పక జరిగేది. గుడిలో మాత్రం అర్చకులు సింగరాచార్యులవారు, స్వామి సొత్తుకు ఇనుము తగలడం మహాపచారమని కట్టడి చేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, మెడకు తులసిమాల, నుదుట తిరునామం, మేతకు నానబెట్టిన ఉలవలు అన్నీ అమరాయి గానీ దాని కాళ్లవంక చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

గిట్టలు పెరిగి వంకర తిరిగాయి. ధవళ ఒక కాలి మీద నిలవలేక ఇంకో కాలికి, అదీ ఓర్వలేక మరో కాలికి బరువు మార్చుకుంటూ పొద్దస్తమానం తల్లడిల్లేది. చూసిన భక్తులేమో స్వామి పూనాడని, గుర్రం చిందులేస్తున్నదని చెంపలు వేసుకునేవారు! అది నొప్పి అని నాయకుడికి తెలుసు. తెలిసీ, స్వామి ఆగ్రహం తన బిడ్డకు తగులుతుందేమోనని నోరు మెదపలేదు. కొలువులో కూర్చోలేక గుడికి పోయేవాడు, గుర్రాన్ని చూడలేక మరలి వచ్చేవాడు, వచ్చి కుదురుగా ఉండలేక మళ్లీ పోయేవాడు.

ఉత్సవం నాడు ధవళ నాలుగడుగులు వేసి వీధిలో కూలిపోయింది. ఆ క్షణానే బోయీల భుజాల మీది పల్లకి మోయరాని బరువై నేలకు దిగింది. ఊరంతా చేయి వేసినా కదలలేదు. నాయకుడు మొలలోని బాకు దూశాడు.

“వద్దు నాయకా! అది స్వామి గుర్రం,” అని ఆచార్యులవారు అడ్డుపడ్డారు.

“స్వామికి నేను చెప్పుకుంటాలే సామీ. పాపమొస్తే నాకే రానీ, నా బిడ్డ జోలికి పోవద్దని కాళ్లు పట్టుకుంటా.”

మట్టిలో చతికిలబడి, ధవళ కాలిని ఒళ్లోకి తీసుకుని, ఒక్కొక్క గిట్టే చెక్కాడు. చివరి గిట్ట పూర్తికాగానే ధవళ లేచి, ఎన్నాళ్లకో కదలకుండా నిలబడింది. పల్లకి పూలబుట్టలా పైకి లేచింది. నాయకుని బిడ్డకు ఏ కీడూ కలగలేదు. ఆమే పసుపు నూరి తెచ్చి ధవళ కాళ్లకు పట్టించింది. ఆ చెక్కులు రాలిన చోటు గిట్టలదిన్నె అయింది.

నేటికీ ఉత్సవానికి పట్నం నుంచి పెళ్లి ఊరేగింపుల గుర్రాన్ని బాడుగకు తెస్తారు. సింగరాచార్యులవారి వంశపు అర్చకులు మేళం ఆపించి, మడిబట్టతోనే మట్టిలో కూర్చుని, దాని కాలు ఒళ్లో పెట్టుకుని, ఇనుపకత్తితో గిట్టలు శుభ్రం చేస్తారు. అది అయ్యేదాకా స్వామికి హారతి లేదు.