నూగమ్మకు బెరడు రంగు ఎలా వచ్చింది

ఒకప్పుడు చిమ్మటలు పిండిబొమ్మల్లా తెల్లగా ఉండేవి. రెక్కల పురుగులే కానీ, ఏ గుంపువో ఎవరికీ తెలియదు. నూగమ్మ అనే బుల్లి చిమ్మటకైతే ఆ సంగతే పట్టలేదు. రోజంతా గిర్రున తిరగడం, కళ్లు తిరిగి పడిపోవడం, పడి నవ్వడం. అదే దాని పని.

వానలు దగ్గరపడ్డాయి. తాబేలు తాత పురుగులన్నిటినీ పిలిచాడు. "గుంపులుగా నిలబడండి. గుంపుకొక చోటు చూపిస్తాను. చోటు లేనివాళ్లను పికిలిపిట్ట వదలదు," అన్నాడు.

కొమ్మ మీద పికిలిపిట్ట అప్పటికే ముక్కు నూరుకుంటోంది.

నూగమ్మ పెంకుపురుగుల వరుసలో దూరింది. "నీ వీపుకు డిప్ప లేదే," అన్నాయవి. తేనెటీగల దగ్గరికి పరుగెత్తింది. "కొండి చూపించు," అన్నాయి. ఎక్కడుందని చూపిస్తుంది?

సీతాకోకచిలుకల మధ్యకు పోయింది. "ఇక్కడ రెక్కలు నిలువుగా మూసుకోవాలమ్మా," అంది ఓ పసుపు సీతాకోకచిలుక. నూగమ్మ ముక్కీ మూలిగీ రెక్కలు నిలిపింది. అవి టపీమని రెండు పక్కలా వాలిపోయాయి. ఆ దెబ్బకు అటు నాలుగు చిలుకలు, ఇటు నాలుగు చిలుకలు దొర్లిపడ్డాయి.

"నడుమేమో బొద్దు, ఒళ్లంతా బొచ్చు. నువ్వు మా పిల్లవి కాదులే," అంది పసుపు చిలుక, దుమ్ము దులుపుకుంటూ.

"తాతా, మరి నేనెవర్ని?" అంది నూగమ్మ. ఈసారి దానికి నవ్వు రాలేదు.

తాత బుర్ర గోక్కునేలోపే పికిలిపిట్ట దూకింది.

నూగమ్మ గిరికీలు కొడుతూ పోయి తుమ్మచెట్టుకు గుద్దుకుంది. "రెక్కలు పరిచి అతుక్కుపో పిల్లా. కదిలావో, అయిపోయావే," అంది తుమ్మచెట్టు.

నూగమ్మ అతుక్కుపోయింది. రెక్కలకు తుమ్మబంక అంటింది. దాని మీద బెరడు పొడి జలజలా రాలి, బూడిదరంగు గీతలు, గోధుమరంగు చారలు పడ్డాయి. ఒకటే చక్కిలిగింత. నవ్వు పొట్టలో ఉబుకుతోంది. నూగమ్మ ఊపిరి బిగబట్టింది.

పికిలిపిట్ట చెట్టంతా వెతికింది. విసిగిపోయి, నూగమ్మ వీపు మీదే ముక్కు తుడుచుకుంది. "ఈ బెరడెంత మెత్తగా ఉందో," అనుకుంటూ ఎగిరిపోయింది.

అది కనుమరుగయ్యాక బెరడు పకపకా నవ్వింది.

తాబేలు తాత నవ్వు విని వచ్చాడు. "ఎక్కడున్నావే?"

"నీ ముక్కు ముందే, తాతా."

ఏ వరుసలోనూ చోటు దొరక్క వెనక నక్కిన, నూగమ్మలాంటి తెల్ల రెక్కల బొచ్చు పురుగులన్నీ అది విన్నాయి. బిలబిలా వచ్చి, చెట్టు నిండా రెక్కలు పరిచి పొడి పూసుకున్నాయి. ఒకటే కిలకిలలు.

"ఇదీ ఒక గుంపే," అన్నాడు తాత. "మీరు చిమ్మటలు. మీ చోటు ఈ బెరడు."

అప్పటినుంచే చిమ్మటలను సీతాకోకచిలుకల్లో కలపరు. బుల్లి చిమ్మట బెరడు రంగు వేసుకుని, రెక్కలు పరుచుకుని చెట్టుకు అతుక్కుని కూర్చునేదీ అప్పటినుంచే. మెల్లగా తాకి చూడండి, వేలికి పొడి అంటుతుంది.