అక్కడ దేవుడొక్కడే ఉండడు

ప్రభుదాసు అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. "ఎవరిని చూశాక వచ్చింది నీకీ ప్రశ్న?" అని ముందు ఆయనే అడిగేవారు. పుస్తకం చదువుతుంటే వచ్చిందంటే, మరో పుస్తకం పేరు చెప్పి పంపించేసేవారు. మనిషిని చూశాక వచ్చిందంటే మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చునేవారు.

మేము ఆయన దగ్గర చర్చి సంఘసేవకు శిక్షణ పొందుతున్న రోజులవి. మొత్తం పదకొండుమందిమి. మాలో కెజియా అనే ఆమె ఉండేది. తొమ్మిదేళ్ళు నర్సుగా చేసి, ఆ ఉద్యోగం మానుకుని వచ్చింది. వారానికి రెండు రోజులు మమ్మల్ని ఊరి చివరి వృద్ధాశ్రమానికి పంపేవారు. ఒక సాయంత్రం అక్కణ్ణుంచి తిరిగొచ్చిన కెజియా కాళ్ళు కూడా కడుక్కోకుండా అయ్యగారి గదిలోకి వచ్చింది. నేను ఒక మూల కూర్చుని ఆయన ఉత్తరాలు సర్దుతున్నాను.

"అయ్యగారూ, నిత్యజీవం ఉందని మనం చెప్పేది, అది నిజమని చెబుతున్నామా? లేక వాళ్ళకి నొప్పి తెలియకుండా ఉండాలని చెబుతున్నామా?" అని అడిగింది.

"ఎవరిని చూశాక వచ్చిందమ్మా?"

ఆశ్రమంలో ఒక ముసలాయన ఉన్నాడట. రైల్వేలో పట్టాల పని చేసి దిగిపోయినవాడు. మంచాన పడి ఏడాదైంది, వీపంతా పుళ్ళు. కెజియా కట్టు మారుస్తూ, ఈ దేహం పోయాక దేవుడిచ్చే జీవం గురించి ఆయనకి చెబుతోంది. ఆయన కళ్ళు మూసుకుని, "చెప్పమ్మా, నువ్వు ఆ మాటలు చెబుతుంటే నాకు నిద్ర పడుతుంది" అన్నాడు.

"ఆయన మంచిగానే అన్నాడండీ. నాకు మాత్రం ఆసుపత్రిలో మత్తు సూదులు వేసిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు సూది చేసిన పని ఇప్పుడు నా మాటలు చేస్తున్నాయి, అంతేనేమో అనిపించింది" అంది కెజియా.

అయ్యగారు ఆమెకు కుర్చీ చూపించారు. నన్నూ పని ఆపమన్నారు. తర్వాత ఆయన చెప్పింది ఇది.

అయ్యగారు ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో చినమద్దిపాలెం అనే ఊరి సంఘానికి కాపరిగా ఉన్నారు. సముద్రానికి నాలుగు మైళ్ళ దూరంలో కాలవ గట్టున ఉన్న ఊరు. ఆ సంఘంలో ఎలీశమ్మ అనే పెద్దావిడ ఉండేది. డెబ్భై దాటిన మనిషి. కొడుకు ఆశీర్వాదం పడవలు బాగుచేసే వడ్రంగి. తల్లినీ కొడుకునీ ఊళ్ళో అందరూ గౌరవించేవారు. ఎందుకంటే ముప్పై ఆరేళ్ళ కిందట వచ్చిన ఉప్పెనలో ఆ వీధిలో బతికి బయటపడింది వాళ్ళిద్దరే. మూడేళ్ళ పిల్లాణ్ణి చీరతో వీపుకి కట్టుకుని, తుమ్మకొమ్మ పట్టుకుని, నీళ్ళు తీసేదాకా వేలాడిందని చెప్పుకునేవారు.

ఆ ఏడు ఎలీశమ్మకి కడుపులో కంతి లేచింది. పట్నం తీసుకెళితే డాక్టర్లు చూసి, ఈ వయసులో కోత వద్దు, ఇంటి దగ్గరే కనిపెట్టుకుని ఉండమన్నారు. అప్పటికే కీళ్ళు పట్టేసి చేతివేళ్ళు ముడుచుకుపోయాయి. ఇప్పుడు ఈ నొప్పి. అయ్యగారు మూడు రోజులకోసారి వెళ్ళి మంచం పక్కన కూర్చునేవారు. కన్నీళ్ళు ఉండని చోటు గురించి, చావు లేని బతుకు గురించి ఆయనకి తెలిసిన వాక్యాలన్నీ చదివేవారు. ఆయన చదవడం మొదలుపెట్టగానే ఎలీశమ్మ గోడవైపు తిరిగేది. ఒకసారి కాదు, వెళ్ళిన ప్రతిసారీ అంతే.

"నొప్పి వల్ల విశ్వాసం సడలిందనుకున్నాను" అన్నారు అయ్యగారు మాతో. "ఇంకా ఎక్కువ చదివాను."

అయిదో వారంలో ఆవిడ ఆయన్ని ఆపింది. కొడుకుని దుకాణానికి పంపించి, తలుపు దగ్గరికి వేయమంది.

"అయ్యగారూ, మీరు చదివేది నేను నమ్మడం లేదని మీరు అనుకుంటున్నారు. నమ్మబట్టే వినలేకపోతున్నాను."

అప్పుడు చెప్పింది. ఆవిడకి దీవెనమ్మ అని ఒక తోడికోడలు ఉంది. చిన్నతనంలోనే భర్త పోయాడు. మిగిలింది నోమి అనే ఆరేళ్ళ ఆడపిల్ల ఒక్కతే. ఉప్పెన వచ్చిన వారం దీవెనమ్మ తల్లికి జబ్బు చేసిందని పుట్టింటికి వెళుతూ, పిల్లని ఎలీశమ్మ దగ్గర వదిలి వెళ్ళింది. నీళ్ళు మధ్యాహ్నం వచ్చాయి. వీపున కొడుకు, ఎడమచేతిలో నోమి, కుడిచేతిలో తుమ్మకొమ్మ. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత కొమ్మ చీలడం మొదలుపెట్టింది. రెండు చేతులతో పట్టుకోకపోతే ముగ్గురూ పోతారని తెలిసింది.

"పిల్ల చెయ్యి జారిపోయిందని అందరికీ చెప్పాను. వాళ్ళమ్మకీ అదే చెప్పాను. జారలేదయ్యగారూ. నేనే వదిలాను."

ఆ తర్వాత దీవెనమ్మ ఆ ఊళ్ళో ఉండలేక, కాలవ మీద రెండు లాకుల అవతల ఉన్న అన్నగారి ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఎలీశమ్మని పట్టుకుని ఏడ్చి, నీ ప్రాణాల మీదికి తెచ్చుకుని నా పిల్లని కాపాడాలని చూశావక్కా అంది. ఎలీశమ్మ మళ్ళీ ఆవిడ ఎదట పడలేదు. పెళ్ళిళ్ళకి పిలిచినా వెళ్ళలేదు.

"నన్ను అక్కడికి తీసుకెళ్ళండి" అంది ఎలీశమ్మ.

అయ్యగారు వద్దన్నారు. ఆయన అప్పుడు చెప్పిన కారణాలన్నీ మాకు వరసగా చెప్పారు, ఏదీ దాచుకోకుండా. ప్రయాణానికి మీ ఒళ్ళు తట్టుకోదన్నారు. ఆవిడ ఎప్పుడో ఆ దుఃఖం దిగమింగుకుంది, మళ్ళీ రేపడం దేనికన్నారు. దేవుడి దగ్గర ఒప్పుకున్నారు కదా, ఆయన క్షమించాడు, ప్రశాంతంగా ఉండండి అన్నారు.

"దేవుడికి ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. ఆయన క్షమించాడనే నమ్ముతున్నాను" అంది ఎలీశమ్మ. "కానీ అక్కడ దేవుడొక్కడే ఉండడు కదయ్యగారూ. నోమి ఉంటుంది. ఇవాళ కాకపోతే రేపు వాళ్ళమ్మా వస్తుంది. ఇక్కడితో అయిపోయేదైతే మీరన్నట్టే కళ్ళు మూసుకుని పోదును. అయిపోదు కదా."

అయ్యగారు బైబిలు మూసి, తీసుకెళతానన్నారు.

నాలుగో రోజు పొద్దున్నే ఆశీర్వాదం ఒక పడవ మాట్లాడాడు. నులకమంచంతో సహా తల్లిని అందులోకి ఎక్కించారు. ఎందుకు వెళుతున్నదీ కొడుక్కి చెప్పలేదు, పిన్నిని చూడాలనుంది అని మాత్రం చెప్పింది. అయ్యగారు పక్కన కూర్చున్నారు. పడవ గట్టుకి తగిలి కుదిపినప్పుడల్లా ఆవిడ పళ్ళు బిగబట్టేది. లాకుల దగ్గర నీళ్ళు నిండేదాకా ఆగాల్సి వచ్చినప్పుడు, ఎండ పడకుండా కొడుకు తన పైపంచె అడ్డం పట్టుకుని నిలబడ్డాడు.

దీవెనమ్మ అరవై దాటిన సన్నటి మనిషి. మంచాన్ని వాకిట్లో దింపేసరికి చేట కింద పెట్టి పరుగున వచ్చింది. "అక్కా, ఇలా అయిపోయావేంటి, నాకు కబురు పెడితే నేనే రానా" అంటూ ముడుచుకుపోయిన ఆ చేతులు పట్టుకుంది.

"ముందు చేతులు వదులు దీవెనా. నేను చెప్పేది విను" అంది ఎలీశమ్మ.

చెప్పింది. అయ్యగారికి చెప్పినప్పటికంటే తక్కువ మాటల్లో చెప్పింది. కొమ్మ చీలిందని గాని, లేకపోతే ముగ్గురూ పోయేవాళ్ళని గాని అనలేదు. నా కొడుకుని ఉంచుకుని నీ పిల్లని వదిలానని మాత్రమే అంది. ఆశీర్వాదం పడవ తాడు చుట్టడం ఆపి విన్నాడు. విని, ఆ తాడు అక్కడే పడేసి గట్టు మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

దీవెనమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఎండ వాకిట్లోకి వచ్చినా బయటికి రాలేదు. ఇంక ఉండి ప్రయోజనం లేదనుకుని, మంచం ఎత్తమని పడవవాళ్ళకి అయ్యగారు సైగ చేశారు.

అప్పుడు దీవెనమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఎక్కడికి తీసుకెళతారు? నేను అడగాల్సింది ఉంది."

మంచం పక్కన నేల మీద కూర్చుంది. గొంతులో కోపం లేదు, దయా లేదన్నారు అయ్యగారు. "భయపడిందా?" అని అడిగింది.

ఎలీశమ్మ అబద్ధం చెప్పలేదు. "భయపడింది. కానీ ఏడవలేదు. వీడు వీపు మీద ఏడుస్తుంటే, ఏడవకు తమ్ముడూ, నీళ్ళు తీసేస్తాయి అని వీణ్ణి ఊరుకోబెట్టింది."

"ఇంకేమంది?"

"జడ ఊడిపోయింది, మళ్ళీ వెయ్యి పెద్దమ్మా అంది."

దీవెనమ్మ పైటచెంగు నోట్లో కుక్కుకుంది. ఆ పిల్ల ఆఖరి పూట ఎలా గడిచిందో ముప్పై ఆరేళ్ళుగా ఆవిడకి తెలియదు. జారిపోయిందన్న ఒక్క మాట తప్ప చేతిలో ఏమీ లేదు. తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. ఆ మనిషి మొహం చూపించకుండా తప్పుకు తిరిగింది.

"ఈ మంచం లోపల పెట్టండి" అంది దీవెనమ్మ.

ఎలీశమ్మ మళ్ళీ చినమద్దిపాలేనికి రాలేదు. పదకొండు వారాలు ఆ ఇంట్లోనే ఉంది. అదేదో సులువుగా జరిగిపోయిందని మీరు అనుకోవద్దు అన్నారు అయ్యగారు. మొదటి వారం దీవెనమ్మ జావ గిన్నె మంచం పక్కన పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయేది. అన్నగారి ఇంటివాళ్ళు నీకేం పట్టిందని గొడవపడ్డారు. తర్వాత కూడా కొన్నాళ్ళు పెడమొహంతోనే దుప్పట్లు మార్చేది, పుళ్ళు కడిగేది. ఆశీర్వాదం మాత్రం వారం వారం వచ్చి కట్టెలు కొట్టి పెట్టేవాడు. పిన్ని ముందు తలెత్తేవాడు కాదు. ఒకరోజు ఆవిడే గొడ్డలి తీసుకుని పక్కన పెట్టి, ముందు అన్నం తిను అంది.

రోజుకొక సంగతి అడిగేది దీవెనమ్మ. ఆ పొద్దున అది ఏం తింది? ఏ గౌను వేసుకుంది? నేను వెళ్ళాక బెంగ పెట్టుకుందా? ఎలీశమ్మకి అన్నీ గుర్తే. రోజూ తలుచుకున్నది మర్చిపోవడం ఎలా కుదురుతుంది? నొప్పి తక్కువున్న పూట చెప్పేది, ఎక్కువున్న పూట రేపు చెబుతాననేది. అయ్యగారు వెళ్ళినప్పుడు ఒకసారి, భయం భయంగానే, చదవమంటారా అని అడిగారు. ఎలీశమ్మ చదవమంది. ఈసారి గోడవైపు తిరగలేదు. దీవెనమ్మ పొయ్యి దగ్గర పని ఆపి, గుమ్మానికి ఆనుకుని నిలబడి వింది.

క్షమించానన్న మాట దీవెనమ్మ నోటి నుంచి ఆ పదకొండు వారాల్లో అయ్యగారు వినలేదు. అనమని ఎలీశమ్మ అడగనూ లేదు.

ఒక ఉదయం కబురొస్తే అయ్యగారు వెళ్ళేసరికి ఎలీశమ్మ ఊపిరి మారిపోయి ఉంది. ఆశీర్వాదం కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. దీవెనమ్మ తడిగుడ్డతో ఆవిడ మొహం తుడిచి, నెరిసిన జుట్టు వెనక్కి సర్ది, చెవి దగ్గరికి వంగింది.

"అక్కా, నేనొచ్చేదాకా నోమిని నీ దగ్గరే ఉంచుకో" అంది.

అయ్యగారు అక్కడ ఆపేశారు. "ఆవిడకి వినబడిందా అయ్యగారూ?" అని అడిగింది కెజియా.

"తల ఊపింది. కాసేపటికి వెళ్ళిపోయింది."

ఆయన లేచి కిటికీ రెక్క మూసి, మావైపు తిరిగారు.

"అప్పటికి ఆరేళ్ళుగా నేను నిత్యజీవం ఉందని ప్రసంగిస్తున్నానమ్మా" అన్నారు. "నమ్మినవాళ్ళని చూడడం అదే మొదటిసారి."