అరటినార ముడులు

మా పేరిందేవమ్మగారిని ప్రశ్న అడిగితే చేతికి పని తగులుతుంది. తునిలో ఆమె చెప్పే గురువారం పాఠానికి వచ్చేవాళ్ళందరికీ ఇది తెలుసు. ధ్యానం కుదరడం లేదన్నాయన బస్తాడు బియ్యంలో రాళ్ళు ఏరాడు. చావంటే భయమన్న ఆవిడ పాఠమందిరం దుప్పట్లన్నీ ఉతికింది. తెలిసే నేను అడిగాను.

"ఓర్చుకోవడం ధర్మం అంటారు కదమ్మా. ఎంతవరకు?"

ఎందుకు అడిగానో ఆమెకు తెలుసు. మా అమ్మాయి హిమజకు పదహారేళ్ళు, ఖోఖో ఆడుతుంది. బడిలో ఆట నేర్పే మాస్టారు దానిమీద చెయ్యి వేశాడు. రెండోసారి వేసినప్పుడు అది నాతో చెప్పింది. నేను ఫిర్యాదు రాసిచ్చాను. ఆ వారం నుంచి మా ఇంటికి పెద్దమనుషులు రావడం మొదలైంది. ఆడపిల్ల పేరు నలుగురి నోళ్ళలో పడుతుందన్నారు. ఆయనకూ పెళ్ళాంబిడ్డలున్నారన్నారు. కొన్నాళ్ళు ఓర్చుకుంటే అన్నీ అవే సర్దుకుంటాయన్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని కాగితం కూడా వాళ్ళే టైపు చేయించారు. మరునాడు పదింటికి బడి కమిటీ ముందు దానిమీద సంతకం పెట్టాలి. కాగితం నా సంచిలోనే ఉంది.

దాన్ని తెచ్చిచ్చింది మా పాఠమందిరం బాగోగులు చూసే పుల్లంరాజుగారే. బడి కమిటీలోనూ ఆయన ఉన్నారు. చెడ్డవాడు కాదు. అందుకే కాదనలేకపోయాను.

పేరిందేవమ్మగారు బీరువాలోంచి కొత్త బాల్ వాల్వు తీసి నా ఒళ్ళో పెట్టారు. పానా, కత్తి చేతికిచ్చారు. ఆడవాళ్ళ మరుగుదొడ్డిలో ఫ్లష్ ట్యాంకుకి పాతది తీసి ఇది బిగించమన్నారు.

ఆ ట్యాంకు రెండేళ్ళుగా అంతే. నిండినా నీళ్ళు ఆగవు. రాజుగారు ఓ ఉపాయం కనిపెట్టారు. దండలు కట్టగా మిగిలిన అరటినారతో లోపల తేలే బుడ్డిని పైకి లాగి కట్టేస్తారు. బుడ్డి పైకి ఉంటే నీళ్ళ ధార ఆగుతుంది, సన్నగా కారడం మాత్రం ఆగదు. నార నాని వదులైపోతుంది. ప్రతి గురువారం ఎవరూ రాకముందే వచ్చి ఆయన మరో ముడి వేస్తారు. ట్యాంకు వెంటనే నిండదు కనక అందరం బకెట్టుతో పోసుకుంటాం, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలతో సహా. ఆయన ఓపికను మాత్రం మేమంతా మెచ్చుకుంటాం.

నేను మూత ఎత్తుతుంటే రాజుగారు గుమ్మం దాకా వచ్చి నవ్వారు. "మీకెందుకమ్మా ఈ పని? ప్లంబరు వస్తాడుగా."

"రెండేళ్ళ నుంచీ వస్తూనే ఉన్నాడు," అన్నారు పేరిందేవమ్మగారు, పీట వేసుకుని కూర్చుంటూ.

కింది కుళాయి కట్టేశాను. ముడులు ఒక్కొక్కటే కోశాను. అన్నీ కోశాక కూడా బుడ్డి కిందికి దిగలేదు. దాన్ని పట్టుకున్న కడ్డీ, రెండేళ్ళు పైకి లాగి కట్టడంతో, అలాగే వంగి బిగుసుకుపోయింది. మా హిమజ ఈమధ్య ఇంట్లో కూడా మోచేతులు ఒంటికి అదుముకునే నడుస్తోంది. పానా నా చేతిలోంచి జారి నేలమీద పడింది. నేనే తీసుకున్నాను.

ట్యాంకు అడుగున మిగిలిన నీళ్ళు గుడ్డతో ఒత్తి తీశాను. పైపు విప్పి, కింద నట్టు తిప్పి, పాత వాల్వు బయటికి లాగాను. దాని నోట్లో వేలిగోరంత రబ్బరు. మధ్యకు చీలిపోయి ఉంది. ఇన్నాళ్ళూ మేం నార గట్టిదా కాదా అనే చూశాం. దీన్ని చూసినవాళ్ళు లేరు.

కడ్డీ, బుడ్డితో సహా కొత్తది పెట్టి కుళాయి తిప్పితే నట్టు దగ్గర ఓ చుక్క దిగింది. తరవాత ఇంకోటి.

రాజుగారు నిట్టూర్చారు. "నేను చెప్పలేదూ. పోనీలెండి, నార తెస్తాను, కట్టేద్దాం."

"కట్టొద్దు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కారేచోటు చూస్తాను."

మళ్ళీ విప్పాను. వాషరు ఒక పక్కకి జరిగి కూర్చుంది. సరిచేసి చేత్తో బిగించాను, ఆపైన పానాతో పావు చుట్టు. కుళాయి తిప్పాను. నీళ్ళు నిండుతూ వచ్చాయి, బుడ్డి తేలుతూ లేచింది, ధార దానంతటదే ఆగిపోయింది. రెండేళ్ళ చప్పుడు ఒక్కసారి పోయేసరికి హాల్లోంచి ఓ ముసలావిడ కంగారుగా అడిగింది, నీళ్ళు పోయాయా అని.

పాత వాల్వు తుప్పునీళ్ళు కారుస్తోంది. చుట్టడానికి కాగితం కోసం సంచిలో చెయ్యి పెడితే అదే వచ్చింది. మడత విప్పాను. రాజుగారు గుర్తుపట్టి ఏదో అనబోయారు. వాల్వును మధ్యలో పెట్టి, గట్టిగా చుట్టి, చెత్తబుట్టలో వేశాను. రేపు పదింటికి తప్పకుండా వస్తానని ఆయనతో చెప్పాను. ఫిర్యాదు నకలు తెస్తానని, దాంట్లో ఒక్క అక్షరం కూడా మార్చనని చెప్పాను. ఆయన నేలమీది తడి వైపు చూస్తూ నిలబడ్డారు.

నానిన నారంతా పోగుచేసి బుట్టలోకి విసురుతూ "పాడు నార" అనుకున్నాను. పైకే అన్నాను కాబోలు.

పేరిందేవమ్మగారు పీట మీంచి లేచారు.

"నారనేం అనకు, సుగుణా. అది పూలు కట్టేందుకు."